అన్నదమ్ముల అపరాధ పరిశోధనము : ఒక వినోద నవల చరిత్ర

శ్రీమద్రామాయణము అరణ్యకాండమున ఒక ఘట్టము కలదు. రామలక్ష్మణులు పర్ణశాలకు మరలివచ్చి, సీత కానరాక, అడవియంతయు వెదకుచు పోవుదురు. దారిలో రాలిన పూవులు, నేలపై కాలిజాడలు, విఱిగిన విల్లు, కూలిన రథము, నెత్తుటి చుక్కలు కనబడును. వానిని ఒక్కొక్కటిగా చూచి, ఇచ్చట ఏమి జరిగి యుండునా యని అన్నదమ్ములు విచారింతురు. పిదప కిష్కింధలో సుగ్రీవుడు నగలమూట విప్పి చూపినపుడు, లక్ష్మణుడు వదినెగారి అందెలను మాత్రమే ఆనవాలు పట్టగలిగెను. దినదినము ఆమె పాదములకు మ్రొక్కినవాడు గనుక అవియే అతనికి తెలియును.

భారతమున నలోపాఖ్యానము చూడుడు. ఋతుపర్ణుని కొలువులో బాహుకుడను పేర దాగియున్న భర్తను దమయంతి ఎట్లు కనిపెట్టెను? తన మాటలను బ్రాహ్మణులచే దేశదేశములకు పంపి, వానికి ఎవ్వడు చలించి బదులు చెప్పునో కనుగొనెను. తరువాత కేశిని యను చెలికత్తెను పంపి, అతడు నిప్పు నెట్లు పుట్టించుచున్నాడో, వంట యెట్లు చేయుచున్నాడో చాటుగా పరిశీలింపజేసెను. జాడను చూచి జరిగినదానిని ఊహించుట, ఊహించినదానిని పరీక్షించి నిర్ధారణ చేయుట, ఈ రెండును నేడు మనము డిటెక్టివ్ కథ యనుదానికి ప్రాణములు. అవి మనకు క్రొత్తవి కావు.

ఐనను బడికి పోవు ఈడుగల తోబుట్టువులు తామే నేరమును శోధించి, పెద్దలకంటె ముందుగా దొంగను పట్టుకొనుట, అదియును నవ్వుచు నవ్వించుచు పట్టుకొనుట కథావస్తువుగాగల నవల యిరువదవ శతాబ్దమున బలిసిన శాఖ. అందు మిక్కిలి ప్రసిద్ధికెక్కినది 1927లో అమెరికాలో వెలువడిన ‘ది టవర్ ట్రెజర్’. దీనిని తెలుగున ‘గోపుర నిధి’ యనవచ్చును. హార్డీ సోదరులు అను పేర వచ్చిన గ్రంథమాలకు ఇది మొదటి పుస్తకము. కథ వినోదకరమే. కాని ఈ పుస్తకమును ఎవరు వ్రాసిరి, ఎవరు అనుభవించిరి, గ్రంథాలయములు దీనిని ఏల త్రోసివేసెను, తుదకు దీనిని ఎవరు ఎట్లు దిద్దిరి అను చరిత్ర కథకంటెను తెలిసికొనదగినది.

కథా సంగ్రహము

అట్లాంటిక్ సముద్రతీరమున బేపోర్ట్ అను కల్పిత నగరము. అందు ఫెంటన్ హార్డీ అను పరిశోధకుడు కాపురముండును. అతడు పూర్వము న్యూయార్కు పోలీసు శాఖలో పనిచేసి పేరు గడించినవాడు. అతనికి ఇద్దరు కుమారులు. పెద్దవాడు ఫ్రాంక్, 16 ఏండ్లవాడు, నల్లని జుట్టు, నెమ్మదిగా ఆలోచించు స్వభావము. చిన్నవాడు జో, ఒక్క ఏడు చిన్న, ఉంగరాల పసుపువన్నె జుట్టు, తొందరపాటు. తండ్రివలె తామును పరిశోధకులము కావలెనని వారి కోరిక. తల్లికి అది యిష్టము లేదు.

ఒకనాడు సోదరులు మోటారుసైకిళ్లపై పోవుచుండగా వెఱ్ఱివేగముతో వచ్చిన కారు ఒకటి వారిని త్రోవనుండి పడద్రోయునంత పని చేయును. నడుపుచున్నవాడు ఎఱ్ఱజుట్టువాడు. కొంతసేపటికి వారి నేస్తుడు చెట్ మార్టన్ యొక్క పసుపుపచ్చని కారు దొంగిలింపబడినదని తెలియును. ఆనాడే ఊరిలో టిక్కెట్ల కార్యాలయమును దోచుటకు ఒకడు ప్రయత్నించును. వాని జుట్టు ఎఱుపని ఒకరు, కాదని మఱియొకరు చెప్పుదురు. ఈ చిన్న తేడాయే కథకు తాళపుచెవి. దొంగ పెట్టుడు జుట్టు ధరించినవాడని తరువాత తేలును.

ఇంతలో టవర్ మాన్షన్ అను పెద్ద భవనమున నగలు, బాండ్లు పోయినవి. ఆ భవనపు యజమానులును తోబుట్టువులే. హర్డ్ ఆపిల్‌గేట్ అను ముసలివాడు తపాలాబిళ్లలు కూడబెట్టుటలో మునిగియుండును. చెల్లెలు అడేలియా మాటకు మాట యెదురు చెప్పుచుండును. ఇరువురును కలిసి నేరమును భవనపు కావలివాడగు రాబిన్‌సన్‌పై మోపుదురు. అతడు అంతకు మునుపే బాకీ యొకటి తీర్చివేసి, ఆ సొమ్ము ఎచ్చటినుండి వచ్చినదో చెప్పక మౌనము వహించుటచే అనుమానము బలపడును. అతని కొలువు పోవును. కుటుంబము పేదల వాడకు మాఱును. కుమారుడు పెర్రీ చదువు మాని కిరాణా దుకాణమున పనికి కుదురును. పెర్రీ హార్డీ సోదరులకు సహాధ్యాయి. నవ్వుల నడుమ ఈ నవలకు బరువు నిచ్చునది యిదియే. సోదరులు నిధికొఱకు కాక, స్నేహితుని తండ్రికి వచ్చిన అపనింద బాపుటకై పాటుపడుదురు.

తండ్రి న్యూయార్కులో విచారించి, ఆ పెట్టుడు జుట్టు రెడ్ జాక్లీ అను పాత నేరస్థునిదని తెలిసికొనును. జాక్లీ పారిపోవుచు రైలుదారిపై ప్రమాదమున గాయపడి, ఆసుపత్రిలో కన్నుమూయుచు, సొమ్మును ‘పాత టవరులో’ దాచితినని మాత్రము పలికి విడుచును. భవనమునకు రెండు గోపురములు, ఒకటి పాతది, ఒకటి క్రొత్తది. అందఱును పాత గోపురమును గాలింతురు. ఏమియు దొరకదు. చచ్చుచు బొంకెనా? ఇచ్చట పెద్దలు చేతులెత్తివేయుదురు. కాని అన్నదమ్ములు మాటను విడువక పట్టుకొందురు. జాక్లీ మునుపు రైల్వేలో పనిచేసినవాడు. ఒకనాడు రైలుకట్ట ప్రక్కన నీటి ట్యాంకుల టవర్లు రెండు, ఒకటి పాతది, ఒకటి క్రొత్తది, వారి కంటబడును. పాతదాని పైకెక్కి చూడగా పోయిన సొమ్ము అచ్చటనే యున్నది. రాబిన్‌సన్ నిర్దోషి యగును. సోదరులకు 1,000 డాలర్ల బహుమానము ముట్టును.

చదువరులు గమనింపదగినది ఒకటి కలదు. ఈ చిక్కు విడివడినది తుపాకితో కాదు, ఒక్క మాటకు గల రెండర్థములతో. శ్లేషను ఎఱిగిన మన కావ్యపాఠకులకు ఈ కీలకము పరిచితమే.

కథల కార్ఖానా

పుస్తకము అట్టపై రచయిత పేరు ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్. అట్టి మనుష్యుడు భూమిమీద ఎన్నడును లేడు. ఆ పేరు ఒక వ్యాపారసంస్థ ఆస్తి.

ఆ సంస్థను స్థాపించినవాడు ఎడ్వర్డ్ స్ట్రేట్‌మేయర్. జర్మనీనుండి వలసవచ్చిన పొగాకు వర్తకుని కుమారుడు; 1862లో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఎలిజబెత్ పట్టణమున జన్మించెను. మొదట తానే బాలురకు కథలు వ్రాసి పేరుపొందెను. 1899లో ‘రోవర్ బాయ్స్’ అను మాలను, 1904లో ‘బాబ్సీ ట్విన్స్’ అను మాలను ప్రారంభించెను. ఈ రెండవదానిలో ఒకే యింట రెండు జతల కవలలు నాయకులు. తోబుట్టువుల కథకు బాలపాఠకులు ఎంతగా ఆకర్షితులగుదురో అతడు అప్పుడే కనిపెట్టెను.

చెప్పవలసిన కథలు వేలు, వ్రాయు చేతులు రెండు. కావున ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున ఆయన యొక పద్ధతి నేర్పఱచెను. కథాసంగ్రహమును తాను రెండు మూడు పుటలలో వ్రాయును. దానిని ఒక రచయితకు పంపును. ఆ రచయిత కొన్ని వారములలో దానిని ఇన్నూఱు పుటల నవలగా పెంచి పంపును. స్ట్రేట్‌మేయర్ దానిని సవరించి ప్రచురణకర్తకు ఇచ్చును. రచయితకు ఒకేమాఱు నిర్ణీతమైన సొమ్ము ముట్టును. అంతటితో సర్వహక్కులును వదులుకొని, తానే వ్రాసితినని ఎవ్వరితోను చెప్పనని పత్రముపై సంతకము చేయవలెను. కల్పితమైన పేరుమాత్రము శాశ్వతము. ఒక రచయిత పోయి మఱియొకడు వచ్చినను డిక్సన్ చిరంజీవి. ఇట్టి పుస్తకములు 50 సెంట్లకే అమ్ముడుపోవుటచే, పిల్లలు తల్లిదండ్రులను అడుగకయే తమ దాచుకొన్న డబ్బులతో కొనగలిగిరి. ఈ కిటుకు వ్యాపారమునకు ఆయువుపట్టు.

1920ల నడుమ పెద్దలలో డిటెక్టివ్ నవలలపై మోజు పెరుగుట చూచి, బాలురకును అట్టివి కావలెనని స్ట్రేట్‌మేయర్ తలచెను. నాయకులు ఇద్దఱు అన్నదమ్ములు. ఒంటరి పరిశోధకునికి తన యూహను వినువాడు ఒకడు వలయును. అన్నకు తమ్ముడు, తమ్మునికి అన్న ఆ కొఱత తీర్తురు. వారు వాదులాడుకొనవచ్చును, పరిహసించుకొనవచ్చును, ఆపదలో ఒకరికొకరు అడ్డుపడవచ్చును; మాపటికి ఒకే బల్లచుట్టు భోజనమునకు కూర్చుందురు. భయానకమునకు హాస్యము తోడగుట ఇట్టి యింటివాతావరణముననే సాధ్యము. 1927లో గ్రాసెట్ అండ్ డన్‌లప్ అను ప్రచురణ సంస్థ ఈ మాలలో మూడు నవలలను ఒకేసారి వెలువరించెను.

పేరులేని రచయిత

వ్రాసినవాడు లెస్లీ మెక్‌ఫార్లేన్. ఇతడు కెనడా దేశీయుడు. 1902లో ఒంటారియో రాష్ట్రమున పుట్టి, హేలీబరీ అను చిన్న గనుల ఊర పెరిగెను. 1926లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున పత్రికా విలేఖరిగా నుండగా, రచయితలు కావలెనను ప్రకటన చూచి జాబు వ్రాసెను. తొలుత వేఱొక మాలకు నవలలు వ్రాసి మెప్పించి, పిదప హార్డీ సోదరుల సంగ్రహమును అందుకొనెను. ఉద్యోగము మాని, ఉత్తర ఒంటారియోలో సరస్సుగట్టున చిన్న కుటీరమున కూర్చుండి, టైపురైటరుపై ‘గోపుర నిధి’ని పూర్తిచేసెను. ముట్టిన సొమ్ము 125 డాలర్లు.

ఇది కూలిపనియే, ఎట్లు వ్రాసినను ఇచ్చునది అంతే. ఐనను పిల్లలకు వ్రాయునది గనుక మఱింత శ్రద్ధతో వ్రాయవలెనని మెక్‌ఫార్లేన్ నిశ్చయించుకొనెను. సంగ్రహమున లేని హాస్యమును, పుష్కలమైన భోజనములను, చెట్ మార్టన్ చిలిపిచేష్టలను చేర్చెను. నాలుగవ నవలలో మేనత్త గెర్ట్రూడ్‌ను ప్రవేశపెట్టెను. ఆమె పిల్లలను ఎడతెగక చీవాట్లు పెట్టుచునే వారియందు ప్రాణములు పెట్టుకొన్న పెద్దముత్తైదువ వంటిది, నిజమునకు అవివాహిత. అట్టి మేనత్త లేని తెలుగిల్లు ఎచ్చట? అతడు పోలీసులనుకూడ నవ్వులపాలు చేసెను. బేపోర్ట్ పోలీసు అధిపతి కాలిగ్, తన్ను మహా పరిశోధకునిగా భావించుకొను స్మఫ్, ఇద్దఱును ఆసుపత్రికి పోవు రైలును అందుకొనరాదని బాలురు ఒక పన్నాగము పన్నుదురు. పండ్ల దుకాణమున ఒక పెట్టెలో గడియారము పెట్టి వచ్చెదరు. టిక్కుటిక్కుమను ఆ పెట్టెను బాంబని భ్రమించి పోలీసులు తడబడుచుండగా రైలు వెడలిపోవును. అధికారము గలవాడెల్ల తెలివిగలవాడని పిల్లలు నమ్మనక్కఱలేదని చూపుట తన యుద్దేశమని మెక్‌ఫార్లేన్ తరువాత వ్రాసికొనెను.

1929 పిదప అమెరికా, కెనడాలను ఆర్థిక సంక్షోభము క్రమ్మెను. 125 డాలర్ల ప్రతిఫలము 100 డాలర్లకును, అటుపై ఇంకను దిగువకును పడిపోయెను. భార్యయు పిల్లలును గల గృహస్థు. వంటబొగ్గునకు, దినుసులకు అప్పు. చెక్కు ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూపు. ఆ కాలపు అతని దినచర్య పుస్తకములలో ఈ బాధలన్నియు కలవు. అటుల విసుగుచునే అతడు మొదటి 25 నవలలలో ఇంచుమించు 20 వ్రాసెను. బాలురు నవ్వుకొన్న పుటలు ఎట్టి యింట వ్రాయబడినవో వారికి తెలియదు.

తరువాత అతడు కెనడా జాతీయ చలనచిత్ర మండలిలో పనిచేసి పేరు గడించెను. పుస్తకముల బీరువాలో హార్డీ సోదరుల నవలలు వరుసగా నుండుట చూచి, చిన్ననాడు వీనిని చదివితివా యని కుమారుడు అడుగగా, చదువలేదు, వ్రాసితినని తండ్రి బదులు చెప్పినట్లు అతడే చెప్పియున్నాడు. కన్నకొడుకునకే తెలియని కర్తృత్వము! 1976లో అతడు తన స్వీయచరిత్రను ప్రకటించి, మఱుసటి యేడు మరణించెను. కోట్లకొలది ప్రతులు అమ్ముడైనను తనకు పైసా రాలేదే యని అతడు గగ్గోలు పెట్టలేదు. ఒప్పుకొన్న బేరమునకు ఒప్పుకొన్న సొమ్ము ముట్టినదని చెప్పెను. పత్రము ప్రకారము అది న్యాయమే. కాని పొలము అమ్మినవాని పేరుకూడ దస్తావేజులో నుండును. పుస్తకమును పండించినవాని పేరు పుస్తకముపై లేకుండుట న్యాయమైనను ధర్మమని చెప్పుటకు మనసొప్పదు.

ఇచ్చట మఱియొక తోబుట్టువుల ముచ్చట చెప్పవలెను. 1930లో స్ట్రేట్‌మేయర్ మరణించెను. సంక్షోభకాలమున సంస్థను కొనువారు లేకపోయిరి. కావున ఆయన కుమార్తెలు హారియెట్, ఎడ్నా అను అక్కచెల్లెండ్రు తామే వ్యాపారమును చేపట్టిరి. అన్నదమ్ముల సాహసములను నడపినవారు తెరవెనుక అక్కచెల్లెండ్రు! 1942లో ఎడ్నా ఫ్లోరిడాకు తరలిపోగా, హారియెట్ 1982లో మరణించువఱకు పెత్తనము వహించెను.

గ్రంథాలయపు తలుపు

గ్రంథాలయ చందాదారులు ప్రత్యేకముగా తెలిసికొనదగిన భాగమిది. 1914లో అమెరికా బాలభటుల సంఘమున గ్రంథాలయాధికారిగా నున్న ఫ్రాంక్లిన్ మాథ్యూస్, ఇట్టి చౌకనవలలు బాలుర మెదళ్లను ప్రేల్చివేయుచున్నవని పేరులోనే చాటుచు ఒక ఘాటైన వ్యాసము ప్రకటించెను. అదే సంవత్సరమున ఇచ్చట అయ్యంకి వెంకటరమణయ్యగారి ప్రయత్నమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ జరిగినది. ఒక దేశమున చదువరులను గ్రంథాలయమునకు ఎట్లు రప్పించవలెనను చింత, మఱియొక దేశమున ఏ పుస్తకములను లోపలికి రానీయరాదను చింత!

1926లో అమెరికా గ్రంథాలయ సంఘమువారు ప్రకటించిన యొక విచారణలో, తమకు ప్రియమైన పుస్తకము స్ట్రేట్‌మేయర్ సంస్థదని చెప్పిన పిల్లలు నూటికి 98 మంది. 1929లో మేరీ రూట్ అను గ్రంథాలయాధికారిణి ఇట్టి మాలలనన్నింటిని పాఠకులకు ఈయరాని పుస్తకముల పట్టికలో చేర్చెను. పలు గ్రంథాలయములు దశాబ్దములకొలది వీనిని కొనలేదు. పిల్లలు మానిరా? మానలేదు. కొనుక్కొనిరి, ఒకరికొకరు మార్చుకొనిరి, దుప్పటి చాటున చదివిరి.

మాథ్యూస్ చెడ్డవాడని తలపరాదు. పిల్లలకు మంచి పుస్తకములు రావలెనని 1919లో బాలల పుస్తకవారోత్సవమును ప్రారంభించినవారిలో అతడొకడు. అతని ఆక్షేపణలలో సత్యమును కలదు. ఈ నవలలు తొందరలో పుట్టినవి; ఒకదానివలె నొకటి యుండును; భాషలో లోతు తక్కువ. కాని, అన్నప్రాశననాడే ఆవకాయ పెట్టరు గదా. చదువుటయందు రుచి పుట్టినవాడు తరువాత గొప్ప పుస్తకమును తానే వెదకుకొనును; ఆ రుచియే పుట్టనివానికి గ్రంథాలయమంతయు తెరచియుంచినను ప్రయోజనము లేదు. మన పల్లెలలోను 1950ల నుండి కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలకు ఎగబడి చదివినవారు కలరు. యుగంధరును, అతని సహాయకుడు రాజును దాటి కావ్యములకు వచ్చినవారును కలరు, రానివారును కలరు. రానివారుకూడ చదువరులే.

ఇతర తోబుట్టువులు

హార్డీ సోదరుల వెనుక అనేకులు వచ్చిరి. ఇంగ్లాండులో ఎనిడ్ బ్లైటన్ 1942లో ప్రారంభించిన ‘ఫేమస్ ఫైవ్’ మాలలో జూలియన్, డిక్, ఆన్ అను ముగ్గురు తోబుట్టువులు, వారికి వరుసకు సోదరియగు జార్జ్, ఆమె కుక్క టిమ్మీ కలిసి దొంగలను పట్టుదురు. ఆ మాల 1963 నాటికి 21 నవలలుగా పెరిగెను. ఆమె కథలనుకూడ స్థాయి చాలదని బి.బి.సి. రేడియోవారు చిరకాలము దూరముంచిరి.

పెద్దలకై వ్రాసినవానిలో 1944లో క్రెయిగ్ రైస్ అను అమెరికా రచయిత్రి ప్రకటించిన ‘హోమ్ స్వీట్ హోమిసైడ్’ మేలైనది. డైనా, ఏప్రిల్, ఆర్చీ అను ముగ్గురు పిల్లలు, తల్లి వితంతువు, డిటెక్టివ్ నవలలు వ్రాసి యిల్లు నడుపుచుండును. ప్రక్కయింట తుపాకి మ్రోగును, హత్య జరుగును. ఈ కేసును అమ్మ ఛేదించినచో ఆమె పుస్తకములు బాగుగా అమ్ముడుపోవునని పిల్లల ఆశ. అమ్మకు టైపురైటరును విడుచు తీరిక లేదు. కావున వారే పరిశోధించి, ఆ కీర్తి ఆమెకు దక్కునట్లు చేయజూతురు. పనిలోపనిగా దర్యాప్తునకు వచ్చిన పోలీసు అధికారికిని అమ్మకును పెండ్లి కుదుర్చుటకుకూడ పన్నాగములు పన్నుదురు. తొమ్మండుగురు పిల్లలను పెంచితిని, నాకు పిల్లల సంగతి తెలియునని పలుమాఱు చెప్పుకొను సార్జంటును వారు ఆడించు తీరు కడుపుబ్బ నవ్వించును. 1946లో ఈ నవల చలనచిత్రమైనది. ఆ యేడు జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రముగా రైస్ బొమ్మను ప్రచురించెను. ఇంత కలకలలాడు సంసారమును చిత్రించిన ఆమె తల్లిదండ్రులకు దూరముగా, మేనత్త యింట పెరిగినది. తానును నిలుకడలేని జీవితము గడపి, 1957లో 49వ యేట మరణించెను. తనకు దొరకని యింటిని ఆమె పాఠకులకు కట్టియిచ్చెను.

దిద్దుబాటు

1959లో హారియెట్ పాత హార్డీ నవలలను సంస్కరింప మొదలిడెను. 1973 వఱకు సాగిన ఆ పనిలో మొదటి 38 నవలలు దిద్దబడెను, కొన్ని మొత్తముగా మార్చి వ్రాయబడెను. 25 ప్రకరణములు 20 అయ్యెను. సోదరుల వయస్సు 18, 17కు పెరిగెను.

దిద్దుబాటుకు తగిన కారణము కలదు. పాత ప్రతులలో నల్లజాతివారిని, చైనావారిని, ఇటలీనుండి వలసవచ్చినవారిని హేళనగా చిత్రించిన చోట్లు పెక్కు. బాంబు భ్రమ ఘట్టమున పండ్ల దుకాణదారుడు రోకో ఇటలీవాడు. వాని వచ్చీరాని ఇంగ్లీషే అచ్చట నవ్వునకు సాధనము. పేదవాని పలుకుబడిని ఎగతాళిచేయు హాస్యము హాస్యము కాదు. అట్టివానిని తొలగించుట మేలే. కాని కలుపుతో పాటు కొంత పైరును పెరికివేసిరి. పోలీసులు మర్యాదస్థులైరి, మెక్‌ఫార్లేన్ తీరికగా కూర్చిన సంభాషణలు, వర్ణనలు కత్తిరింపబడి, పరుగులు మాత్రము మిగిలెను. ఒకే పేరు, ఒకే అట్ట, లోపల వేఱు పుస్తకము. 1991 నుండి ఆపిల్‌వుడ్ అను సంస్థ పాత ప్రతులను యథాతథముగా ముద్రింపసాగినపుడు, చిన్ననాడు చదివిన పెద్దలు వానిని వెదకి కొనిరి. తాళపత్రములందు పాఠభేదములు చూచినవారికి ఇందలి నీతి తెలియును. క్రొత్త పాఠము ఎంత మంచిదైనను, పాత పాఠము ఒక్కచోటనైన భద్రముగా నుండవలెను. తప్పులతో కూడ నుండవలెను, ఆ తప్పులు ఒకప్పుడు ఒప్పులుగా చెల్లినవని తరువాతివారికి తెలియుటకు.

స్ట్రేట్‌మేయర్ సంస్థ 1984లో సైమన్ అండ్ షూస్టర్ అను ప్రచురణ సంస్థకు అమ్ముడుపోయెను. 1927 నాటి మొదటి మూడు నవలలపై అమెరికాలో గల హక్కులు 95 ఏండ్లు నిండి, 2023 జనవరి 1వ తేదీతో చెల్లిపోయెను. అచ్చట నేడు వానిని ఎవ్వరైనను అచ్చువేయవచ్చును.

ఏ గ్రంథాలయమున చూచినను ఒక నమోదు పుస్తకముండును. అందు వరుస సంఖ్య, గ్రంథనామము, గ్రంథకర్త, వెల అను గళ్లు గీయబడియుండును. ‘గోపుర నిధి’కి ఆ మూడవ గడిలో ఏమి వ్రాయవలెను? అట్టపై నున్నట్లు డిక్సన్ అని వ్రాసినచో లేనివానిని ఉన్నట్లు చూపుట. సంగ్రహము స్ట్రేట్‌మేయర్‌ది, వాక్యములు మెక్‌ఫార్లేన్‌వి, దిద్దుబాటు హారియెట్‌ది. తెలిసినవారు అట్టమీది పేరు వ్రాసి, దాని ప్రక్కన ఈ పేర్లనుకూడ చేర్తురు. అందులకు పట్టునది ఒక్క సిరాగీటు. ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము తన పుస్తకములను మఱల లెక్కించుకొను ఈ రజతోత్సవ సమయమున, బీరువాలలో మూలకు పడియున్న చిఱిగిన డిటెక్టివ్ నవలలనుకూడ ఒకమాఱు తీసి, అట్టలు కట్టించి, తేలికవని త్రోసివేయక పిల్లల చేతికందునంత ఎత్తున నుంచుట ఉచితము. ఆ పుటలను త్రిప్పి త్రిప్పి నలిపినవారే ఈ గ్రంథాలయమును ఇంతకాలము నిలిపిన చదువరులు.